డి7200 ఉంచుకొని లెన్సు కొనాలా, ఫుల్ ఫ్రేమ్ బాడీకి మారాలా?

#1 పానగల్లు నీడ (నల్లగొండ), శనివారం రాత్రి

సభ్యులందరికీ నమస్కారం. 2016లో కొన్న నికాన్ డి7200 బాడీతోనే ఇన్నేళ్లూ నెట్టుకొస్తున్నాను. దానితో వచ్చిన 18-140 కిట్ లెన్సు, మా బావ వాడి పక్కన పెట్టేసిన 50 మి.మీ. ఎఫ్/1.8డి లెన్సు తప్ప నా సంచిలో మరొకటి లేదు. సెలవు దొరికితే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి, అక్కడి నుంచి ఉదయ సముద్రం కట్ట మీదికి వెళ్తాను. ఇంటివాళ్ల పెళ్లిళ్లలో ఎలాగూ కెమెరా నా చేతికే వస్తుంది.

గుడి లోపల ఐఎస్ఓ (పట్టిన వెలుతురును కెమెరా పెంచి చూపే అంకె) 6400 దాకా పోనిదే ఫోటో రావడం లేదు, వచ్చినా నల్లరాయి మీద నూక చల్లినట్టు నాయిస్ కనిపిస్తోంది. కట్ట మీద పిట్టలేమో 140 మి.మీ. దగ్గర చుక్కల్లా మిగిలిపోతున్నాయి. ఎనభై వేలు కూడబెట్టాను. సెకండ్ హ్యాండ్‌లో నికాన్ ఫుల్ ఫ్రేమ్ బాడీ జెడ్6, దానికి లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ తీసుకుని పాత లెన్సులనే వాడుకోవాలన్నది మొదటి ఆలోచన. బాడీ ఇదే ఉంచుకొని దూరపువాటిని దగ్గరగా చూపే 200-500 ఎఫ్/5.6 లెన్సు తీసుకోవాలన్నది రెండోది. రెండూ కొనే స్తోమత లేదు కాబట్టి అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

#2 గడియారం సెంటర్ (నల్లగొండ), శనివారం రాత్రి

నేను పెళ్లిళ్లు తీసేవాణ్ణి కాబట్టి నా మాట ఆ కోణంలోంచే వస్తుందని ముందే చెప్పేస్తున్నాను: బాడీ మార్చండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ (ఫోటో పట్టే పలక) 36×24 మి.మీ., మీ డి7200లోది 23.5×15.6 మి.మీ.; వైశాల్యం లెక్కిస్తే మొదటిది రెండోదానికి రెండుంపావు రెట్లకు పైనే ఉంటుంది. అదే అపర్చర్ (లెన్సు రంధ్రం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది), అదే షట్టర్ వేగం పెట్టినప్పుడు ఆ మేరకు ఎక్కువ వెలుతురు పోగవుతుంది గనుక, ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు) కంటే కాస్త ఎక్కువే లాభం ఉంటుంది. అంటే మీరు ఇప్పుడు 2700 దగ్గర చూస్తున్న నాయిస్‌ను జెడ్6లో 6400 దగ్గర చూస్తారు. దానికి తోడు సెన్సర్‌నే కదలకుండా పట్టి ఉంచే స్టెబిలైజేషన్ బాడీలోనే ఉంటుంది కాబట్టి, ఏ లెన్సు పెట్టినా చేతి వణుకు కొంత తగ్గుతుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. జెడ్6కు కార్డు స్లాటు ఒక్కటే, అది కూడా ఎక్స్‌క్యూడీ కార్డుకు. మీ డి7200లో రెండు ఎస్‌డీ స్లాట్లు ఉన్నాయి. పరాయివాళ్ల పెళ్లికి డబ్బు తీసుకుని వెళ్లేవాడు ఒక్క కార్డును నమ్ముకుని తాళిబొట్టు ఘట్టం తీయడం ధైర్యం కాదు, తెగింపు. నేను 2020లో రెండు స్లాట్లతో వచ్చిన జెడ్6 రెండో తరానికి మారింది ప్రధానంగా అందుకే.

#3 మన్ననూరు బాట (అచ్చంపేట వైపు), ఆదివారం తెల్లవారుజామున

గడియారం సెంటర్ అన్న లెక్క సరైనదే కానీ, అది పిట్టలకు వర్తించదు. పిట్ట ఎక్కడో దూరంగా ఉంటుంది, ఫ్రేమ్ నిండదు, చివరికి మనం కోసుకునేది మధ్య ముక్కనే. డి7200లో 24 మెగాపిక్సెళ్లూ ఆ చిన్న సెన్సర్ మీదే ఇరికించి ఉన్నాయి. జెడ్6లో దాదాపు అన్నే పిక్సెళ్లు పెద్ద సెన్సర్ మీద పరచి ఉంటాయి గనుక, అదే లెన్సుతో అదే చోట నిలబడి తీసిన లకుముకి పిట్ట మీద సగానికి తక్కువ పిక్సెళ్లు పడతాయి. జెడ్6ను క్రాప్ మోడ్‌లో (సెన్సర్ మధ్య భాగాన్నే వాడే పద్ధతిలో) పెడితే చేతికి వచ్చే ఫైలు సుమారు 10 మెగాపిక్సెళ్లే. పిట్టల కోసం ఫుల్ ఫ్రేమ్‌కు వెళ్లినవాళ్లు మరింత పొడవైన లెన్సు కోసం మళ్లీ అప్పు చేయడం నేను కళ్లారా చూశాను.

నా దగ్గర 200-500 ఉంది, డి500 మీద వాడుతున్నాను. 2015లో వచ్చిన లెన్సు అయినా 500 దగ్గర కూడా ఎఫ్/5.6 నిలుపుకోవడం దాని బలం. కాలర్‌తో కలిపి 2.3 కిలోల బరువు, ముందుభాగం 95 మి.మీ. ఫిల్టర్ పట్టేంత వెడల్పు ఉంటుంది. ఫరహాబాద్ వైపు జీపులో కూర్చున్నప్పుడు ఒళ్లో చంటిపిల్లను పెట్టుకున్నట్టే జాగ్రత్త పడాలి. జూమ్ చేస్తే ముందుకు సాగే లెన్సు గనుక అడవి దారి దుమ్మంతా ఆ గొట్టం మీద చేరుతుంది. లోపలికి ముడిచే ముందు మెత్తని బ్రష్షుతో దులపడం నాకు అలవాటైపోయింది.

#4 పానగల్లు నీడ, ఆదివారం ఉదయం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. జెడ్6 తీసుకుంటే మా బావ ఇచ్చిన 50 మి.మీ. లెన్సు అడాప్టర్ మీద మామూలుగానే పనిచేస్తుంది కదా? దాన్ని నమ్ముకునే పెళ్లిళ్ల లెక్క వేసుకున్నాను.

#5 జూరాల గట్టు (గద్వాల), ఆదివారం మధ్యాహ్నం

పనిచేస్తుంది, కానీ ఫోకస్ మీరే తిప్పుకోవాలి. ఒకసారి మీ డి7200 నుంచి లెన్సు ఊడదీసి, మౌంటు లోహపు వలయం అంచున చూడండి. స్క్రూడ్రైవర్ మొన లాంటి చిన్న ముక్క ఒకటి పొడుచుకుని ఉంటుంది. 50 ఎఫ్/1.8డి వెనుక అదే కొలతలో ఒక గాడి ఉంటుంది. బాడీలోని మోటారు ఆ మొనను తిప్పితే, ఆ మొన లెన్సులోని అద్దాలను జరుపుతుంది. ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ మొన గానీ మోటారు గానీ లేవు. సొంత మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఇబ్బంది ఉండదు, 200-500 ఆ కోవలోదే. అందువల్ల దాన్ని ఈ రోజు కొన్నా, రేపెప్పుడో జెడ్ బాడీకి మారితే వెంట తీసుకుపోవచ్చు.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది, దాన్ని ఇంతవరకు ఎవరూ ప్రస్తావించకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మీ 18-140 క్రాప్ సెన్సర్ (మీ డి7200లో ఉన్నలాంటి చిన్న సెన్సర్) కోసం చేసిన లెన్సు. అది వేసే వెలుగు వృత్తం ఫుల్ ఫ్రేమ్ మూలలకు చాలదు కాబట్టి జెడ్6 దానంతటదే క్రాప్‌లోకి వెళ్లిపోయి, ఇందాక మన్ననూరు తమ్ముడు చెప్పిన 10 మెగాపిక్సెళ్ల ఫైలే ఇస్తుంది. పెద్ద సెన్సర్‌కు డబ్బు కట్టి చిన్న సెన్సర్‌తో ఫోటో తీసినట్టు అవుతుంది. నాయిస్ లాభం కూడా అక్కడితో పోతుంది. ఎనభై వేలలో బాడీ, అడాప్టర్ పోగా ఫుల్ ఫ్రేమ్ లెన్సుకు మిగిలేది ఏమిటో మీరే చూసుకోండి.

అసలు కొనే ముందు ఒక పని చేయమని నా సలహా. కిందటి ఏడాది మీరు తీసి, పారేయకుండా ఉంచుకున్న ఫోటోలను కంప్యూటర్‌లో వేసి, ఏది ఎన్ని మి.మీ. దగ్గర, ఏ అపర్చర్, ఏ షట్టర్ వేగంతో తీశారో వరుసగా చూడండి. మనం తీస్తున్నామని అనుకునేది ఒకటి, నిజంగా తీసేది మరొకటి.

#6 పిల్లలమర్రి కొమ్మ (మహబూబ్‌నగర్), ఆదివారం సాయంత్రం

చర్చంతా నికాన్ చుట్టూనే తిరుగుతోంది కాబట్టి పాలమూరు నుంచి కెనాన్ పక్షాన ఒక మాట చెప్తాను. నేను 80డి అమ్మేసి, 2022లో వచ్చిన ఆర్7 బాడీతో పాటు ఆర్ఎఫ్ 100-400 ఎఫ్/5.6-8 లెన్సు తీసుకున్నాను. ఆ లెన్సు బరువు 635 గ్రాములు. కోయిల్‌సాగర్ కట్ట మీద పొద్దున రెండు గంటలు మెడలో వేసుకు తిరిగినా భారం అనిపించదు. 200-500 మోసేవాళ్లు గంటకోసారి గట్టు మీద కూర్చోవడం చూస్తుంటాను. బాడీ క్రాప్ సెన్సర్‌దే, 32.5 మెగాపిక్సెళ్లు, పిట్ట కన్ను దానంతటదే పట్టుకుంటుంది.

లోపం కూడా చెప్పాలి. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో సెకనుకు 30 ఫోటోలు వస్తాయని మురిసిపోయాను గానీ, సెన్సర్ పైనుంచి కిందికి వరుసలవారీగా చదవడానికి సమయం తీసుకుంటుంది గనుక రెక్కలాడించే పిట్ట రెక్క వంకర పోతుంది. పాలపిట్ట ఎగిరేటప్పుడు తీసిన ఒక వరుసలో రెక్క రబ్బరులా సాగి కనిపించింది. అప్పటి నుంచి మెకానికల్ షట్టర్‌లో 15తోనే సరిపెట్టుకుంటున్నాను.

#7 మన్ననూరు బాట, ఆదివారం రాత్రి

బరువు మాట ఒప్పుకుంటాను. కానీ వెలుతురు లెక్క కూడా వేద్దాం. 400ను 8తో భాగిస్తే 50 మి.మీ. రంధ్రం, 500ను 5.6తో భాగిస్తే 89 మి.మీ. రంధ్రం. వైశాల్యంలో రెండోది మూడు రెట్లకు పైన ఉంటుంది. సూర్యుడు గట్టు దాటక ముందే వేటకు దిగే పిట్టలను ఎఫ్/8 దగ్గర 1/1600 షట్టర్‌తో తీయాలంటే ఐఎస్ఓ ఆకాశానికి పోతుంది. కూర్చున్న పిట్టకైతే లెన్సులోని స్టెబిలైజేషన్‌తో 1/200కు దిగవచ్చు. ఎగిరే పిట్టకు అదేమీ అక్కరకు రాదు, ఎందుకంటే అక్కడ కదిలేది మన చెయ్యి కాదు.

ఎండాకాలం మాట కూడా కలుపుతున్నాను. ఉదయం తొమ్మిది దాటితే నీళ్ల మీది వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. దాని గుండా తీసిన దూరపు ఫోటో ఏ లెన్సుతోనైనా తడిసిన కాగితంలాగే ఉంటుంది. లెన్సు చెడిపోయిందని నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

#8 నేత మగ్గం (పోచంపల్లి), సోమవారం

నడుమ దూరుతున్నందుకు మన్నించండి. సెకండ్ హ్యాండ్ అన్న మాట వినగానే రాయాలనిపించింది. మూడేళ్ల కిందట ఒక దుకాణంలో, పేరు అనవసరం, 85 మి.మీ. లెన్సు కొన్నాను. ముందు నుంచి చూస్తే అద్దంలా మెరుస్తోంది. ఇంటికి వచ్చాక చీకటి గదిలో అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి సెల్లు టార్చ్ వేసి చూస్తే, లోపలి అద్దం అంచున సాలీడు కాళ్లలా సన్నని పోగులు కనిపించాయి. అది ఫంగస్. శుభ్రం చేయించినా అద్దం మీది పూతలో దాని జాడ మిగిలిపోయింది, ఎదురెండలో తీస్తే ఇప్పటికీ ఫోటో పాలిపోతుంది.

కాబట్టి టార్చ్ లేకుండా బేరానికి వెళ్లకండి. బాడీ అయితే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూపించమనండి. డి7200 షట్టర్‌ను 1,50,000 సార్లకు, జెడ్6ది 2,00,000 సార్లకు పరీక్షించినట్టు కంపెనీ చెప్తుంది. కొన్నాక లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచవద్దు. వానాకాలంలో ఆ సంచే చెమ్మ పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, వంద రూపాయల తేమ మీటరు ఉంటే చాలు. ముల్లు 40కి, 50కి మధ్య ఉండేటట్టు చూసుకోండి.

#9 పానగల్లు నీడ, తరువాతి ఆదివారం

జూరాల గట్టు సార్ చెప్పినట్టే వారమంతా కూర్చుని లెక్క తీశాను. కాస్త సిగ్గుగా ఉంది. ఏడాదిలో ఉంచుకున్నవి 412 ఫోటోలు. వాటిలో 18 నుంచి 35 మి.మీ. మధ్య తీసినవి 268. పిట్టలవి 31, అందులోనూ సగం వాటిలో పిట్ట ఉందని నేను చెప్తే తప్ప ఎవరికీ తెలియదు. పిట్టల మనిషిననుకుని తిరుగుతున్న నేను అచ్చంగా గుడిగోపురాల మనిషినని తేలింది.

తెలిసిన మిత్రుడి దగ్గర సిగ్మా 18-35 ఎఫ్/1.8 లెన్సు ఉందని గుర్తొచ్చి, అడిగి తీసుకుని నిన్న పానగల్లు వెళ్లాను. తెలియనివారి కోసం: ఛాయా సోమేశ్వరాలయం కందూరు చోడుల కాలపు త్రికూటాలయం, మూడు గర్భాలయాలు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. ఒక గర్భాలయంలో లింగం వెనుక గోడ మీద స్తంభపు నీడ పగలంతా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఏదో ఒక్క స్తంభం నీడ కాదది. బయటి స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురు వేర్వేరు దిక్కుల నుంచి ఒకేచోట కలవడం వల్ల ఏర్పడేది. అంచులు మసకగా ఉంటాయి, గోడకూ నీడకూ తేడా చాలా తక్కువ. నాయిస్ పెరిగితే మొదట మాయమయ్యేది ఆ తేడానే.

మండపంలో కిట్ లెన్సుతో 18 మి.మీ., ఎఫ్/3.5, 1/30 పెడితే ఐఎస్ఓ 6400 వచ్చింది. సిగ్మాతో ఎఫ్/1.8 దగ్గర అదే వెలుతురుకు 1600 చాలింది. బాడీ మార్చితే ఒక స్టాపు చిల్లర అన్నారు, ఇక్కడ లెన్సుతోనే రెండు స్టాపులు దొరికాయి. పక్కపక్కన పెట్టి చూస్తే నీడ అంచు ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. అయితే దగ్గరి స్తంభం మీది చెక్కడం స్ఫుటంగా ఉంటే వెనుక ద్వారబంధం మెత్తబడుతోంది. దానికి ఏమి చేయాలి?

#10 జూరాల గట్టు, ఆదివారం సాయంత్రం

దానికి లెన్సు కొననక్కరలేదు, ట్రైపాడ్ వాడాలి. 18 మి.మీ. దగ్గర ఎఫ్/1.8 అయితే మీ సెన్సర్ మీద సుమారు 9 మీటర్ల దగ్గర ఫోకస్ చేసినప్పుడే నాలుగున్నర మీటర్ల నుంచి దూరం వరకు అంతా స్ఫుటంగా ఉంటుంది. ఎఫ్/8కి దిగితే 2 మీటర్ల దగ్గర ఫోకస్ చేసినా ఒక మీటరు నుంచి చివరిదాకా వచ్చేస్తుంది. నీడ కదలదు, రాయి కదలదు. కాపలాదారు అనుమతి తీసుకుని ట్రైపాడ్ నిలబెట్టి, ఐఎస్ఓ 100, ఎఫ్/8 పెట్టి, షట్టర్ ఎన్ని సెకన్లు తీసుకుంటే అన్ని సెకన్లు ఇవ్వండి. ఆ 100 లాంటి బేస్ ఐఎస్ఓ దగ్గర డి7200 రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని ఫైలులో) సుమారు 14 స్టాపుల తేడా ఇముడుతుంది గనుక, బయటి వెలుగు మాడిపోకుండా చూసుకుంటే లోపలి చీకటిని తర్వాత పైకి లాగవచ్చు. 2015 నాటి బాడీ అని దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లో నేను తీసినవన్నీ ఇలాంటి పాత బాడీతోనే.

#11 గడియారం సెంటర్, ఆదివారం రాత్రి

గుడికి సరే, పెళ్లిలో మనుషులు రాళ్లు కారు కదా. తలంబ్రాలు పోసేటప్పుడు 1/200 కంటే తగ్గితే చేతులు చెదిరిపోతాయి. అయినా ఈయన ఖర్చు పరిమితి చూస్తే సిగ్మాకు నేను అడ్డు చెప్పను. ఫంక్షన్ హాలు ఎల్ఈడీ దీపాల కింద ఫోటోలో చారలు పడితే షట్టర్ 1/100 లేదా 1/50 దగ్గర పెట్టి చూడండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ గనుక దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి. బ్యాటరీ విషయంలో మాత్రం మీ డి7200 మీద నాకు అసూయే. కంపెనీల కొలమానంలో దానికి ఒక ఛార్జికి 1110 ఫోటోలు, జెడ్6కు 310. వాడుకలో అంతకంటే చాలా ఎక్కువే వస్తాయి గానీ, ముహూర్తం ఆలస్యమైతే నా జేబులు బ్యాటరీలతో నిండి ఉంటాయి.

#12 పిల్లలమర్రి కొమ్మ, సోమవారం

సిగ్మా 810 గ్రాములు. నికాన్ వారి 35 మి.మీ. ఎఫ్/1.8జి డిఎక్స్ అయితే 200 గ్రాములు, ధర కూడా చాలా తక్కువ. దాన్ని పరిశీలించారా? వెడల్పు చాలదంటే నిలువుగా నాలుగైదు ఫోటోలు తీసి అతికించవచ్చు. మా మర్రిచెట్టును ఏ వైడ్ లెన్సులో ఇరికించినా కొమ్మలు సాగి కనిపిస్తాయి గనుక నేను అలాగే తీస్తాను.

#13 పానగల్లు నీడ, శుక్రవారం

35 గురించి ఆలోచించాను. మండపంలో స్తంభాల మధ్య వెనక్కి జరగడానికి చోటు లేదు, నా ఫోటోల్లో ఎక్కువ భాగం 18కీ 24కీ మధ్యే ఉన్నాయి. చివరికి సెకండ్ హ్యాండ్‌లో సిగ్మా 18-35 కొన్నాను. టార్చ్ తీసుకునే వెళ్లాను, పోగులేమీ లేవు. మిగిలిన డబ్బు అలాగే ఉంచాను.

కానీ కొత్త తలనొప్పి వచ్చింది. వ్యూఫైండర్‌లో చూసి ద్వారపాలకుడి ముక్కు మీద ఫోకస్ చేస్తే, స్ఫుటంగా వస్తున్నది వెనుక గోడ. లైవ్ వ్యూలో (వెనుక తెర మీద చూస్తూ) తీస్తే సరిగ్గా ముక్కు మీదే పడుతోంది. లెన్సు చెడ్డదా?

#14 జూరాల గట్టు, శుక్రవారం రాత్రి

చెడ్డది కాదు. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు ఫోకస్ కొలిచేది అద్దం కింద ఉండే వేరే సెన్సర్. దానికీ అసలు సెన్సర్‌కూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎఫ్/1.8 దగ్గర బయటపడుతుంది. మీ కిట్ లెన్సులో ఎఫ్/3.5 అయ్యేసరికి అది దాగిపోయింది. జెడ్6 లాంటి మిర్రర్‌లెస్‌లో (అద్దం లేని కెమెరాలో) ఫోకస్‌ను కొలిచేది ఫోటో తీసే సెన్సరే గనుక ఈ బాధ ఉండదు, మీ మొదటి ఆలోచనలో ఆ ఒక్క న్యాయం ఉంది.

సెటప్ మెనూలో ఫోకస్‌ను ముందుకూ వెనక్కూ సరిచేసే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంటుంది. దినపత్రికను ఏటవాలుగా పెట్టి, మీరు మామూలుగా తీసే దూరంలో ట్రైపాడ్ మీద నుంచి ఒక శీర్షిక మీద ఫోకస్ చేయండి. ఫోకస్ వెనక్కి పడుతోంది కాబట్టి మైనస్ వైపు రెండేసి అంకెలు జరుపుతూ తీసి పోల్చండి. డి7200 ఒక లెన్సుకు ఒక్క అంకెనే గుర్తుంచుకుంటుంది, 18 దగ్గర సరిపడింది 35 దగ్గర కాస్త తప్పవచ్చు. దూరానికీ జూమ్‌కూ విడివిడిగా సరిచేయాలంటే సిగ్మా యూఎస్‌బీ డాక్ ఉంటుంది, ముందు మెనూతోనే చూడండి.

#15 పానగల్లు నీడ, ఆదివారం

మైనస్ 8 దగ్గర కుదిరింది సార్. 35 దగ్గర ఒక్క పిసరు ముందుకు పడుతోంది, అక్కడ లైవ్ వ్యూ వాడుకుంటాను. ఈ ఉదయం పచ్చల సోమేశ్వరాలయం దగ్గర కూడా తీశాను, ఐఎస్ఓ 800 దాటలేదు.

#16 మన్ననూరు బాట, ఆదివారం రాత్రి

వచ్చే శనివారం నల్లగొండలో పని ఉంది, 200-500 తెస్తున్నాను. తెల్లారకముందే ఉదయ సముద్రం కట్ట మీదికి మీ డి7200 పట్టుకుని రండి, మీ బాడీకే తగిలించి తీద్దాం. ఆ 31 పిట్టల ఫోటోలను ఎంత చేస్తారో చూస్తాను. దానికీ ఫైన్ ట్యూన్ చూడాల్సి రావచ్చు, పాత దినపత్రిక ఒకటి సంచిలో వేసుకోండి.